అడుగుజాడ పొలిమేర దాటేదాకా

1816 మార్చి 10న పిండారీలనే దోపిడీగాళ్ళ గుర్రపు దండు ఈస్టిండియా కంపెనీ ఏలుబడిలో ఉన్న కృష్ణాతీరం మీద పడింది. మొదటి రోజు 38 మైళ్ళు పరుగెత్తి 72 ఊళ్ళు దోచుకుంది. మర్నాడు ఇంకో 38 మైళ్ళు, 54 ఊళ్ళు, సాయంత్రానికి గుంటూరు. అక్కడ కలెక్టరు కచేరీని, ఖజానాను, దొరల ప్రాణాలను కొద్దిమంది సిపాయిలు ఎలాగో నిలబెట్టారు. పట్నంలోని ఇళ్ళను నిలబెట్టేవాళ్ళు లేకపోయారు. పదకొండున్నర రోజుల్లో 339 ఊళ్ళు కొల్లబోయాయి. 182 మంది చచ్చిపోయారు, 505 మందికి గట్టి గాయాలయ్యాయి, దాచిన సొత్తు చెప్పమంటూ 3,600 మందికి పైగా జనాన్ని చిత్రహింసలు పెట్టారు. వేడి బూడిద నింపిన సంచిని మొహానికి కట్టి ఊపిరాడనివ్వకపోవడం వాళ్ళకు అలవాటైన పద్ధతి. ఈ లెక్కలన్నీ తరవాత కంపెనీవాళ్ళే విచారణ చేయించి రాసుకున్నవి. వెంటాడుతూ వచ్చిన కంపెనీ గుర్రపు పటాలం కృష్ణ ఒడ్డు చేరేసరికి దండు నది దాటేసింది.

ఈ దాడిని సైన్యం ఆలస్యం కథగా చెప్పడం చరిత్ర పుస్తకాల్లో మామూలు. నిజమే, కానీ ఆ మాట అక్కడితో ఆగిపోతే లాభం లేదు. ఎక్కడో కేంద్రంలో ఉండే బలగం, అది పటాలమైనా పోలీసు స్టేషనైనా, ఇంటి తలుపు దగ్గరికి దొంగకంటే ముందు చేరడం అరుదు. దూరం ఆ తీరున ఉంటుంది. మన పెద్దలకు ఇది తెలియక కాదు. తెలుసు కాబట్టే ఇంటి రక్షణను ఒక్క ఇంటికి వదిలెయ్యలేదు, రాజు బలగం కోసం ఎదురుచూస్తూనూ కూర్చోలేదు. మధ్యలో ఊరిని నిలబెట్టారు. ఆ ఊరికి జీతం ముట్టే కావలివాణ్ణి పెట్టి, నష్టానికి పూచీ రాయించారు. ఇవాళ పోలీసులు రావడం ఆలస్యమవుతోందన్న ప్రతి చర్చా ఇంటాయన చేతిలో ఏ ఆయుధం ఉండాలన్న దగ్గరే తిరుగుతోంది. పోయినదేమిటో చూడకుండా ఆ చర్చ చేస్తున్నాం. పోయింది ఆయుధం కాదు, పూచీ.

ఆ పూచీ ఎంత పాతదో ధర్మశాస్త్రాల్లోనే కనిపిస్తుంది. యాజ్ఞవల్క్య స్మృతిలో దొంగతనం గురించి చెప్పే చోట ఒక నియమం ఉంది. దొంగ అడుగుజాడ ఊరి బయటికి పోయినట్టు చూపించలేకపోతే తప్పు ఊరి పెద్దది. ఊరి హద్దులో పోయిన సొత్తుకు ఊరే కట్టుకోవాలి. జాడ ఎక్కడికి పోయిందో చూపిస్తే ఆ భారం ఆ చోటికి మారుతుంది. ఈ స్మృతికి కల్యాణి చాళుక్యుల కాలంలో విజ్ఞానేశ్వరుడు మితాక్షర వ్యాఖ్య రాశాడు. దాన్ని అనుసరించి 13వ శతాబ్దంలో కేతన తెలుగులో విజ్ఞానేశ్వరీయం చేశాడంటే, ఈ న్యాయం సంస్కృత పండితుల గదుల్లో మాత్రమే మిగిలింది కాదని అర్థం. ఆ నియమం పనిచేసే తీరు ఆలోచిస్తే దాని తెలివి తెలుస్తుంది. తెల్లవారేసరికి కన్నం పడిన ఇంటి ముందు నలుగురూ చేరతారు. జాడ పొలిమేర దాటిందని నిరూపించడం ఊరివాళ్ళకే లాభం, కాబట్టి ఊరంతా జాడ వెతుకుతుంది. పొలిమేర దగ్గర పక్క ఊరివాళ్ళకు జాడ చూపించి ఒప్పించాలి. వాళ్ళు ఒప్పుకుంటే వెతికే పని వాళ్ళది, ఆ జాడ తమ హద్దు దాటిందని చూపేదాకా. సొత్తు పోగొట్టుకున్నవాడు ఎవరి కాళ్ళూ పట్టుకోనక్కర్లేదు. నష్టం తమ మీద పడుతుందన్న భయమే ఊళ్ళను ఒకదాని వెంట ఒకటి కదిలించేది.

విజయనగరంలో ఇదే సూత్రం మరింత పెద్ద ఎత్తున నడిచింది. 16వ శతాబ్దంలో అక్కడికి వచ్చిన పోర్చుగీసు వర్తకుడు నూనిజ్ రాసిపెట్టాడు: ఫలానా దారిలో నన్ను దోచుకున్నారని ఎవరైనా రాజు దగ్గర మొరపెట్టుకుంటే ఆ సీమ నాయకుణ్ణి పిలిపిస్తారు, దొంగను పట్టుకోకపోతే అతని ఆస్తికే ముప్పు. రాజధానిలో కావలి అధికారి కూడా అలాగే లెక్క చెప్పాలి, అందుకే అక్కడ దొంగతనాలు బహు తక్కువ అంటాడు. రాజుల కాలాన్ని పొగడడానికి ఈ మాట ఎత్తలేదు. ఆ రాజ్యంలో రైతు పడిన పన్నుల బాధ వేరే కథ. ఇక్కడ చూడాల్సింది ఒక్కటే: రక్షించాల్సినవాడు విఫలమైతే నష్టం అతనికీ తగిలేలా ఏర్పాటు ఉంది.

ఊళ్ళో ఆ ఏర్పాటుకు నిలువెత్తు రూపం తలారి. పన్నెండుగురు ఆయగాళ్ళలో అతనొకడు. 1812లో బ్రిటిష్ పార్లమెంటుకు సమర్పించిన అయిదో నివేదిక దక్షిణాది గ్రామసేవకులను వర్ణిస్తూ తలారి పని చెబుతుంది: నేరాల ఆచూకీ తీయడం, ఒక ఊరి నుంచి మరో ఊరికి పోయే బాటసారులను కాపాడుతూ దాటించడం. అతనికి మాన్యం ఉండేది, కల్లంలో ధాన్యం కొలిచేటప్పుడు మేర ముట్టేది. మేర కళ్ళెదుటే కొలుస్తారు కాబట్టి, ఏడాదంతా అతను మేలుకున్నాడా నిద్రపోయాడా అన్న లెక్క ఆ కుప్ప దగ్గరే తేలేది. ఊరి కట్టడం కూడా అతనికి తోడుగానే ఉండేది. రాయలసీమ పాత ఊళ్ళలో చుట్టూ మట్టి గోడ, మధ్యలోనో మూలనో బురుజు. లోపల మట్టి మిద్దెలు ఒకదానికొకటి ఆనుకొని ఉంటాయి, వీధివైపు కిటికీ ఉండదు, ఒక మిద్దె మీంచి ఇంకో మిద్దె మీదికి అడుగు వేసి ఊరి ఈ చివరి నుంచి ఆ చివరికి పోవచ్చు. జొన్నలు గోడ లోపలి పాతరల్లో ఉండేవి. బురుజు మీంచి కేక వినపడితే ఆడామగా మిద్దెలెక్కడానికి నిమిషాలు చాలు. ఆ ఇళ్ళలో ఏ ఒక్కటీ విడిగా కోట కాదు. అన్నీ కలిస్తేనే కోట.

1802లో మద్రాసు ప్రభుత్వం ఈ ఏర్పాటు గుంజనే కదిలించింది. బెంగాల్‌లో కారన్‌వాలిస్ వేసిన దారినే పట్టి, జమీందార్ల మీద ఉన్న కావలి బాధ్యతను తీసేసి దరోగాలనే పోలీసు అధికారులను పెట్టింది. శాంతిభద్రతలు ఇక మావి అన్నప్పుడు వాటికోసం కేటాయించిన మాన్యాలు, రుసుములు కూడా మావే అనడం సహజం. చాలాచోట్ల అవి సర్కారు శిస్తులో కలిసిపోయాయి. దరోగా మాత్రం కొన్ని పదుల మైళ్ళకు ఒకడు. పన్నెండేళ్ళు తిరక్కుండానే లండన్‌లోని కంపెనీ డైరెక్టర్లకు ఈ పద్ధతి పనికిరాదని తెలిసింది. థామస్ మన్రో నాయకత్వంలో వచ్చిన విచారణ సంఘం సలహాతో 1816లో పదకొండో రెగ్యులేషన్ చేసి దరోగాలను రద్దుచేశారు. ఊరి మునసబు, అతని కింద తలారి, పైన తహశీల్దారు, ఆపైన కలెక్టరు. పిండారీలు గుంటూరు మీద పడిన సంవత్సరమే ఈ చట్టం వచ్చింది. కర్ర పట్టుకున్న తలారి వేల గుర్రాలను ఆపేవాడని నేననను. దండయాత్రకూ దొంగతనానికీ తేడా ఉంది. కానీ పద్నాలుగేళ్ళు ఊళ్ళ కావలికి దిక్కు లేకుండా చేసి, తరవాత పాత పేర్లతోనే దాన్ని తిరిగి నిలబెట్టాల్సి రావడం సర్కారు తనంతట తాను ఇచ్చిన సాక్ష్యం. ఆ నిలబెట్టడంలోనూ ఒక లోపం ఉండిపోయింది. పని తిరిగి వచ్చింది కానీ కలిసిపోయిన మాన్యాలన్నీ తిరిగి రాలేదు, పోయిన సొత్తుకు పూచీ అసలే రాలేదు.

ఇక్కడ గట్టి అభ్యంతరం ఒకటుంది, దాన్ని తప్పించుకు పోకూడదు. పాత కావలి అంత గొప్పదేమీ కాదు, అది బెదిరించి వసూలు చేసిన సొమ్మే అంటారు. మన్రో 1800లో దత్తమండలాలకు వచ్చేసరికి అక్కడ దాదాపు 80 మంది పాళెగాళ్ళు, వాళ్ళ కింద 30 వేల దాకా సాయుధ బంట్లు ఉన్నారు. కావలి రుసుం ఇచ్చిన ఊరిని కాపాడడం, ఇవ్వని ఊరిని దోచడం ఆ మనుషులే చేసిన సందర్భాలు లేకపోలేదు. రైతుకు ఆ రుసుం రక్షణ కింద పడిందో, కప్పం కింద పడిందో చెప్పడం కష్టం. ఈ అభ్యంతరంలో ఉన్న నిజాన్ని ఒప్పుకుంటాను. అయితే పాళెగాడి కావలికీ తలారి కావలికీ మధ్య గీత గీయాలి. పాళెగాడు ఊరి బయట కోటలో ఉంటాడు, అతని బలం రైతు ఇచ్చే మేర మీద ఆధారపడలేదు, కాబట్టి రైతుకు లెక్క చెప్పడు. తలారి ఇల్లు ఊళ్ళోనే. అతని మేర ఆపగల చేతులు ఊరివే. కాపాడేవాడు ఎవరికి లోబడి ఉన్నాడన్నదే అసలు తేడా, ఆయుధం ఎంత పొడుగన్నది కాదు. మన్రో పాళెగాళ్ళను అణచడం సరైన పనే. ఆయన తరవాతివాళ్ళు ఆ గీతను చెరిపేసి, పాళెగాడితో పాటు తలారిని కూడా పాతకాలపు శేషంగా లెక్కగట్టడమే తప్పు.

ఆ తప్పుకు సీమలోనే మూల్యం కట్టాల్సి వచ్చింది. పాళెగాళ్ళ కింద పనిచేసిన కట్టుబడి బంట్లకు తక్కువ కట్నం మీద మాన్యాలు ఇచ్చి ఊళ్ళ కాపలా పనిలో ఉంచారు. 1840ల్లో ఆ మాన్యాలను సర్కారు లాగేసుకుంటుందన్న భయం పాకింది. 1846లో ఉయ్యాలవాడ నరసింహారెడ్డి తన భరణం వివాదంతో తిరగబడినప్పుడు, ఆయన వెనక నడిచినవాళ్ళలో కట్టుబడివాళ్ళు పెద్ద సంఖ్యలో ఉన్నారు. ఆ ఏడాది జులైలో కోవెలకుంట్ల ఖజానా మీద దాడి జరిగింది, అక్టోబరులో ఆయన పట్టుబడ్డాడు, 1847 ఫిబ్రవరి 22న ఉరి తీశారు. ఆ కథలో జనం వీరుణ్ణి చూస్తారు, చూడాలి కూడా. దాని పక్కనే ఇంకో సంగతి ఉంది: ఊరిని కాపాడే చేతికి అన్నం లేకుండా చేస్తే ఆ చేయి ఎటు తిరుగుతుందో సర్కారుకు తెలియాల్సింది. తెలిసినట్టు కనిపించదు. మద్రాసులో హింసా విచారణ సంఘం తహశీల్దార్ల, తలారుల చిత్రహింసలను 1855లో బయటపెట్టాక, 1859లో కొత్త పోలీసు చట్టం వచ్చింది. జిల్లా సూపరింటెండెంటు, ఇన్‌స్పెక్టరు, స్టేషను, కానిస్టేబులు. దెబ్బలు కొట్టి శిస్తు పిండే చేతినుంచి పోలీసు పనిని విడదీయడం న్యాయమే. కానీ కానిస్టేబులు జీతం మద్రాసు నుంచి వస్తుంది, బదిలీ మద్రాసు నుంచి వస్తుంది, తప్పు చేస్తే సంజాయిషీ పైకి పోతుంది. ఊరివైపు ఏదీ రాదు.

ఆ పక్కనే ఇంకో రెండు చట్టాలు. 1860 శిక్షాస్మృతి ప్రతి మనిషికీ ఆత్మరక్షణ హక్కు ఇచ్చింది, రాత్రిపూట కన్నం వేసి చొరబడేవాణ్ణి ఎదుర్కోవడంలో ప్రాణం తీసేంతదాకా కూడా. అదే చట్టంలోని 99వ సెక్షను మాత్రం అధికారుల రక్షణ పొందడానికి సమయం ఉంటే ఆ హక్కు లేదంది. 1878 ఆయుధాల చట్టం లైసెన్సు లేని తుపాకీని నేరం చేసింది. మూడూ కలిపి చూస్తే ఒక చిత్రం కనిపిస్తుంది. ఒక కొసన ఒంటరి ఇంటాయనకు హక్కు, ఇంకో కొసన దూరాన పోలీసు స్టేషను. మధ్యలో ఊరికి ఏ హక్కూ లేదు, ఏ బాధ్యతా లేదు. 1902-03లో ఆండ్రూ ఫ్రేజర్ పోలీసు కమిషను దేశమంతా తిరిగి, పోలీసులు అవినీతితో, దౌర్జన్యంతో ఉన్నారని తేల్చి, ఊరి పెద్దనూ గ్రామ కావలినీ బలపరచాలని చెప్పింది. అంటే నలభై ఏళ్ళ తరవాత ఏలికలే ఆ ఖాళీని గుర్తించారు. దాన్ని పూడ్చడానికి బదులు వాళ్ళు చేసిన పని మాత్రం మరీ అన్యాయం. నెల్లూరు వైపు పొలాలకు, తోటలకు కావలి కాసిన యానాదుల్లో కొందరినీ, ఎరుకలనూ 1911 తరవాత నేరస్థ తెగల చట్టం కింద జాబితాకెక్కించారు. ఎరుకల కోసం బాపట్ల దగ్గర స్టూవర్టుపురం సెటిల్‌మెంటు వెలిసింది, సాల్వేషన్ ఆర్మీ దాన్ని నడిపింది. నిన్నటిదాకా ఊరు నిద్రపోతే మేలుకున్నవాణ్ణి ఇవాళ రాత్రి హాజరు వేయించుకొమ్మన్నారు. 1952లో ఆ చట్టం పోయింది. దాని మచ్చ ఇంకా పోలేదు.

నైజాం వైపు కథ మరో దారిన నడిచినా చేరింది అక్కడికే. అక్కడ పోలీసు పటేలు ఊళ్ళోనే ఉండేవాడు, కానీ అతను ఊళ్ళ మీద పెత్తనం చేసే దేశ్‌ముఖు మనిషి. పక్కన ఉండడం ఒక్కటే సరిపోదని, లోబడి ఉండడమూ కావాలని చెప్పడానికి తెలంగాణ గడీలకంటే పెద్ద రుజువు అక్కర్లేదు. 1946 నుంచి దొరలను ఎదిరించే సంఘం ఊళ్ళలోకి వచ్చాక జనం తమ కావలిని తామే కట్టుకున్నారు. గుతుపలు, వడిసెలలు, కారంపొడి, ఎక్కడో ఒకటీ అరా భర్మారు తుపాకీ. బైరాన్‌పల్లి ఈ ప్రయత్నానికి శిఖరం. ఊరి నడుమ ఉన్న పాత బురుజు మీద రాత్రింబవళ్ళు మనుషులు కాపలా కూర్చున్నారు, నైజాం పక్షాన దాడులు చేసే రజాకార్లు కనబడగానే నగారా మోగించేవాళ్ళు. ముందు వచ్చిన దాడులను తిప్పికొట్టారు. 1948 ఆగస్టు 27న వచ్చినవాళ్ళు ఫిరంగులతో వచ్చారు. గుండు తగిలి బురుజు మీద నిలవచేసిన మందుగుండు పేలింది. ఆ తరవాత దొరికినవాళ్ళను వరసగా నిలబెట్టి కాల్చారు. ఊళ్ళో దగ్గరదగ్గర వందమంది పోయారు. భారత సైన్యం హైదరాబాదు సంస్థానంలోకి అడుగుపెట్టింది సెప్టెంబరు 13న, పదిహేడు రోజులకు. బైరాన్‌పల్లిని చూపించి ఊరి కావలి చేతకాదని కొందరనవచ్చు. ఫిరంగి ముందు ఏ బురుజూ నిలవదు, నిజమే. కానీ ఫిరంగి తెచ్చుకోవాల్సి వచ్చిందంటే, అంతకుముందు దాడుల్లో ఆ ఊరి వడిసెలలు ఏం చేశాయో రజాకార్లే చెప్పినట్టు.

ఇంకో అభ్యంతరం ఇవాళ్టిది, నన్ను బాగా కలవరపెట్టేది. 2018 మే నెలలో పార్థీ ముఠాలు తిరుగుతున్నాయని, పిల్లల్ని ఎత్తుకుపోతున్నారని వాట్సాప్‌లో పుకార్లు పాకాయి. రెండు తెలుగు రాష్ట్రాల్లో ఎన్నో ఊళ్ళు కర్రలు పట్టుకొని రాత్రిళ్ళు మేలుకొన్నాయి. దారి తప్పినవాళ్ళు, భాష రానివాళ్ళు దెబ్బలు తిన్నారు, కొందరు చచ్చిపోయారు. హైదరాబాదు చాంద్రాయణగుట్టలో ఒక ట్రాన్స్‌జెండర్ మహిళను గుంపు కొట్టి చంపింది. జనానికి కావలి అప్పగిస్తే జరిగేది ఇదే, కాబట్టి ఆలస్యమైనా పోలీసులే నయం అన్నవాళ్ళకు నేను ఎదురు చెప్పలేను, ఒక్క సంగతి తప్ప. ఆ గుంపుకు పేరు లేదు. తలారికి పేరుంది, మాన్యముంది, ఇల్లుంది. అతను తప్పుడు మనిషిని కొడితే మర్నాడు ఎవరిని నిలదీయాలో ఊరికి తెలుసు. 2018లో రోడ్డెక్కింది ఊరి కావలి కాదు, ఊరి కావలి లేకపోవడంలోంచి పుట్టిన భయం. సీమలో ఇళ్ళ కాపలా పేరుతో నాటుబాంబులు నిలవచేసుకున్న ఫ్యాక్షనుకూ ఇదే మాట వర్తిస్తుంది: అక్కడ కాపలావాడి పూచీ ఊరికి కాదు, నాయకుడికి.

అందుకే ప్రతి ఇంటికీ తుపాకీ అన్న వాదన నాకు మింగుడుపడదు. చరిత్రలో తెలుగు ఇల్లు ఎప్పుడు నిబ్బరంగా నిద్రపోయిందంటే పక్కింటి మిద్దె మీద ఎవరో మేలుకొని ఉన్నారని తెలిసినప్పుడు. తలుపు వెనక ఒంటరిగా ఆయుధం పట్టుకున్నవాడు నిద్రపోడు, నీడను చూసి కాలుస్తాడు. చట్టం ఇచ్చిన హక్కును తక్కువ చెయ్యడం లేదు. ఇప్పుడది భారతీయ న్యాయ సంహితలో 34 నుంచి 44 దాకా సెక్షన్లలో ఉంది, గొంతు మీదికి వచ్చిన క్షణంలో అది ఉండాల్సిందే. అయితే అది ఆఖరి క్షణపు హక్కు. ఆ క్షణం దాకా రానివ్వని ఏర్పాటు వేరే కావాలి.

ఆ ఏర్పాటు దిశగా ఇటీవల జరిగినవి అరకొరే. ఎన్టీ రామారావు ప్రభుత్వం 1984లో మునసబు, కరణాల పదవులు రద్దుచేసింది. వంశపారంపర్యపు అధికారం పోవాల్సిందే, దానితో పాటు ఊళ్ళో పోలీసు పనికి జవాబు చెప్పే పదవి కూడా పోయింది. తలారులు గ్రామ సేవకులై, తరవాత గ్రామ రెవెన్యూ సహాయకులై కచేరీ కాగితాల పనిలో పడ్డారు. 2023లో తెలంగాణ వాళ్ళను వేర్వేరు శాఖల్లో సర్దింది. వాళ్ళ బతుకుకు భరోసా దొరికినందుకు సంతోషమే, ఊరికి మాత్రం ఆ మనిషి కూడా మిగల్లేదు. ఆంధ్రప్రదేశ్ 2019లో గ్రామ సచివాలయాలు పెట్టి ఒక్కోదానికి ఒక మహిళా పోలీసును నియమించింది. ఈ మధ్యకాలంలో పోలీసును ఊరికి దగ్గర చేసిన పెద్ద అడుగు ఇదేనని నా నమ్మకం. అయితే ఆమె సంజాయిషీ కూడా పైకే పోతుంది. గ్రామసభకు ఆమెను అడిగే హక్కు, ఆమె మాట మీద పేర్లు రాసుకొని వంతులవారీగా రాత్రి కాపలా తిరిగేవాళ్ళు, వాళ్ళకు పంచాయతీ ఇచ్చే భత్యం, ఇవి చేర్చడం ఇప్పటి చట్టాల్లో అసాధ్యమేమీ కాదు. కష్టమైనది నష్టానికి పూచీ. నేర బాధితులకు రాష్ట్రమే పరిహారం ఇచ్చే పథకాలు 2009 చివర్లో అమల్లోకి వచ్చిన సవరణ తరవాత వచ్చాయి, కానీ అవి ప్రధానంగా ప్రాణానికీ శరీరానికీ కలిగిన హానికే. ఫోను చేసినా ఎవరూ రాని రాత్రి దోపిడీకి గురైన ఇంటికి సర్కారు బాకీ పడుతుందని రాసిన రోజున, స్టేషనుకూ ఊరికీ మధ్య దూరం తగ్గించే తొందర స్టేషనుకే పుడుతుంది. దొంగ లెక్కలు చెప్పి సొమ్ము గుంజుతారన్న భయం ఉంటే, పాత నియమం లాగే ఊరి సాక్ష్యం మీద లెక్క తేల్చవచ్చు. పొలిమేర దాకా జాడ చూపించమని ఊరినే అడగవచ్చు.